బుజ్జిగాడు ముద్ద ముట్టడం లేదా, చెల్లీ?

చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే ముందు నవ్వొచ్చింది. మీద బల్లి పడితే తలస్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టే ఇంట్లో పుట్టిన పిల్లవి, ఇవాళ డాలస్‌లో కూర్చుని రెండడుగుల డ్రాగన్‌కి ఎన్ని రోజులకోసారి స్నానం చేయించాలక్కా అని అడుగుతున్నావు! కింద పేరాలోకి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మీ వీధిలోవాళ్ళు ఇండియాకి మకాం ఎత్తేస్తూ, పిల్లల సైకిళ్ళతో పాటు గాజు పెట్టెలో ఉన్న బియర్డెడ్ డ్రాగన్‌ని కూడా మీ గరాజ్‌లో దించి వెళ్ళారు. నీ పిల్లలేమో గంటలో దానికి బుజ్జిగాడని నామకరణం చేసేశారు. ఆ బుజ్జిగాడు వచ్చి వారం దాటినా తిండి సరిగ్గా ముట్టడం లేదు. దొడ్డికి ఒక్కసారే వెళ్ళాడు, అదీ నీళ్ళగా, ఇల్లంతా కంపు. మీ అత్తగారు వీడియో కాల్‌లో వాము నీళ్ళు పట్టమన్నారు. ఇంకెవరో ఆముదం ఒక చుక్క నాకించమన్నారు. ఏది చెయ్యమంటావక్కా అని నీ ప్రశ్న.

రెండూ వద్దు తల్లీ. దానికి గాలి పీల్చుకునే దారి నోట్లో నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది. బలవంతంగా పోసిన నూనె గొంతు దిగకుండా ఊపిరితిత్తుల్లోకి జారిందంటే మలబద్ధకం పోయి న్యుమోనియా వచ్చి కూర్చుంటుంది. అత్తగారి మాట కాదన్నానని కోపం తెచ్చుకోవద్దని చెప్పు. ఆవిడ వైద్యం మనుషుల పిల్లలకి, ఇది వేరే దేశపు ప్రాణి.

దేశం అంటే గుర్తొచ్చింది, వీడి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకుంటే సగం సంగతులు నీకే అర్థమవుతాయి. మన ఊళ్ళో కంచె మీద కూర్చుని తల ఆడించే తొండ ఉంది చూడు, వీడు దానికి దాయాది. ఇద్దరిదీ అగామిడే కుటుంబమే. వీడి సొంతూరు ఆస్ట్రేలియా నడిమధ్య, వానలు అంతంతమాత్రంగా పడే ఎర్రమట్టి నేలలు. అక్కడ కంచె గుంజలెక్కి, చచ్చిన చెట్ల మానులెక్కి పొద్దుటి ఎండ కాచుకుంటాడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం తన అడవి జంతువుల్ని అమ్మకానికి బయటికి పోనివ్వదు, కాబట్టి అమెరికా పెట్ షాపుల్లో కనిపించేవన్నీ ఇక్కడ పంజరాల్లో తరతరాలుగా పుట్టినవే. పుట్టుక ఇక్కడిదైనా ఒళ్ళు మాత్రం ఆ ఎడారి ఒళ్ళే. ఎండ లేందే దాని పొట్ట పనిచెయ్యదు.

ఇదే నేను నీకు చెప్పదలచుకున్న అసలు మాట. కొత్తగా ఇంటికొచ్చిన డ్రాగన్ తినడం లేదంటే, దొడ్డికి వెళ్ళడం లేదంటే అందరూ పొట్ట మీద పడతారు. నువ్వు ముందు దీపాల మీద పడు. దాని ఒంట్లో మనకిలా వేడి పుట్టదు. పైనుంచి కాగే వేడితోనే తిన్నది అరగాలి. ఆ వేడి చాలకపోతే మింగిన పురుగు కడుపులో అలాగే ఉండి కుళ్ళుతుంది. పొయ్యి వెలిగించకుండా ఎసరు పెట్టి, అన్నం ఉడకలేదేమని బియ్యాన్ని తిడితే ఏం లాభం?

దీపం కింద అది పొట్ట ఆనించి పడుకునే రాయి మీద 95 నుంచి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, పెద్ద డ్రాగన్‌కి. పెట్టెకి అటు చివర నీడపట్టున 75 నుంచి 85. అది తనంతట తాను ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతూ ఒంటి వేడి సర్దుకుంటుంది. అందుకే పెట్టె పొడుగ్గా ఉండాలంటారు, పెద్దదానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే మంచిది. రాత్రి దీపాలన్నీ ఆర్పేసి 65, 70కి దిగినా ఫరవాలేదు. ఎర్ర బల్బులు, నీలం బల్బులు రాత్రంతా వెలిగించి దాని నిద్ర చెడగొట్టకు.

ఈ వేడి ఎలా కొలిచావు? గాజుకి అతికించిన గుండ్రటి థర్మామీటర్ చూసి రాశావు కదా, నాకు తెలుసు. అది గాజు వేడి చెబుతుంది, రాయి వేడి చెప్పదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి కొని సరిగ్గా ఆ రాయి మీద గురిపెట్టి చూడు. ఇంకో సంగతి. మీ ఇంట్లో ఏసీ 72లో పెడతారు, పైగా ఆ పెట్టె ఏసీ గాలి దిగే వెంట్ కిందే ఉందని ఫొటోలో కనిపిస్తోంది. పాతవాళ్ళింట్లో సరిపోయిన బల్బు నీ ఇంట్లో చాలకపోవచ్చు. చోటు మార్చు. పెట్టె అడుగున కరెంటు వేడిరాయి ఏదైనా ఉంటే ముందు అది తీసి అవతల పెట్టు. కింది నుంచి తగిలే వేడి ఎంతుందో దానికి సరిగ్గా తెలియదు, పొట్ట కాలేదాకా దాని మీదే పడుకుంటుంది.

ఇక రెండో దీపం, యూవీబీ. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితేనే దాని ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం వంటబడుతుంది. కాల్షియం ఎముకలకే అనుకుంటాం, కండరాలు కదలడానికీ అదే కావాలి. పేగులూ కండరాలే కదా, కాల్షియం తగ్గితే అవీ మందగిస్తాయి. అలా మలబద్ధకం అనుకుని తీసుకొచ్చినవాటికి అసలు జబ్బు ఎముకలు మెత్తబడడమని తేలిన సందర్భాలు ఉంటాయి. వేళ్ళు అదురుతున్నాయా, దవడ మెత్తగా వంగుతోందా, నడుస్తుంటే పొట్ట నేలకి ఈడుస్తోందా గమనించు. చుట్టలు తిరిగిన చిన్న బల్బు ఉంటే తీసేసి, టీ5 అని రాసి ఉండే పొడుగాటి ట్యూబ్ పెట్టు. మాయ ఏమిటంటే, ఆ ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది, యూవీ మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, కంపెనీ చెప్పిన ప్రకారం మార్చాల్సిందే. అందుకే ఆ పాతవాళ్ళకి ఇవాళే మెసేజ్ పెట్టి ట్యూబ్ ఎప్పుడు కొన్నారో అడుగు. కిటికీ పక్కన పెడితే ఎండ తగులుతుందిగా అంటావేమో, కిటికీ అద్దం యూవీబీని రానివ్వదు. మీ టెక్సస్ ఎండకి గాజు పెట్టె లోపల కాగిపోయి ప్రాణం మీదికొస్తుంది, అంతే.

దీపాలు రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాక, చెల్లీ, దాన్ని కొన్నాళ్ళు వదిలెయ్. నిజంగా వదిలెయ్. ఇల్లు మారింది, వాసన మారింది, మనుషులు మారారు. చాలా డ్రాగన్‌లు కొత్త ఇంట్లో వారం, రెండు వారాలు తిండి తగ్గించేస్తాయి. గడ్డం నల్లబడడం, పొట్ట మీద నల్లటి చారలు తేలడం, గాజు గోడని గీరుతూ పైకెక్కబోవడం, ఇవన్నీ బెదురుకి గుర్తులు. ముందు కాలు ఒకటెత్తి నెమ్మదిగా ఊపితే పిల్లలు హాయ్ చెబుతోందని మురిసిపోతున్నారని రాశావు. నీ జోలికి రాను, నన్నొదిలెయ్ అని అది పెద్దవాటి ముందు లొంగిపోతూ చేసే సైగ అది. వీధి పిల్లలందరినీ పిలిచి చూపించే కార్యక్రమం ఆపించు. పాతవాళ్ళిచ్చిన రాళ్ళు, కర్రలు ఒక్కరోజులో మార్చి కొత్తవి సర్దొద్దు, దానికి తెలిసినవి అవే.

వదిలెయ్యమన్నానని చూడడం మానెయ్యొద్దు. గ్రాములు చూపించే చిన్న కాటా ఒకటి, వంటింటిది కాకుండా, దాని కోసమే కొని వారానికోసారి తూచి రాసిపెట్టు. తినకపోయినా బరువు నిలకడగా ఉంటే పెద్ద డ్రాగన్ విషయంలో కంగారు లేదు. పదోవంతు తగ్గిందంటే మాత్రం ఇక ఆగకూడదు. పిల్ల డ్రాగన్ అయితే రెండు మూడు రోజులు తినకపోయినా డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే.

ఇప్పుడు కంపు విషయానికి వద్దాం. కాఫీ తాగుతూ చదువుతుంటే కప్పు పక్కన పెట్టు.

వాడి మలం బాగుంటే అందులో రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి గోధుమరంగులో గట్టిగా, ఆకారం నిలిచి ఉంటుంది. రెండోది తెల్లగా, వేలితో నొక్కితే పొడయ్యేలా కాకుండా మెత్తటి ముద్దలా ఉంటుంది. అది మూత్రం, నీళ్ళు పొదుపు చేసుకునే ఎడారి ప్రాణి కాబట్టి ఇలా గడ్డకట్టి బయటికి పంపుతుంది. ఆ తెల్లభాగం పసుపుపచ్చగా, ఇసుకలా గట్టిగా వచ్చిందంటే ఒంట్లో నీరు చాలడం లేదన్నమాట. మొత్తం నీళ్ళగా, జిగటగా, తిన్నది తిన్నట్టే కనిపిస్తూ, గది దాటి కంపు కొడితే రెండు అనుమానాలు. ఒకటి నీళ్ళకూరలు ఎక్కువై ఉండాలి, పిల్లలు కీరదోస, పుచ్చకాయ ముక్కలు వేస్తున్నారేమో కనుక్కో. రెండోది కడుపులో పురుగులు, లేదా కాక్సీడియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి.

ఇందులో ఊహలకి చోటు లేదు, మలపరీక్షే దారి. తాజాగా వేసినది జిప్‌లాక్ కవర్లో వేసి, ఇంకో కవర్లో చుట్టి, ఆ రోజే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లోపు డాక్టర్‌కి చేర్చు. దోసెల పిండి గిన్నె పక్కన మాత్రం పెట్టకు. పిన్‌వార్మ్‌లు కొద్దిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ కనిపిస్తాయి, మందు వెయ్యాలా వద్దా డాక్టరే చూసి చెబుతారు. కాక్సీడియా మొండిది. అది మలంలోంచి మళ్ళీ నోట్లోకి చేరుతుంది కాబట్టి మందు ఎంత ముఖ్యమో పెట్టె కడగడం అంతే ముఖ్యం. కొత్తగా వచ్చిన డ్రాగన్‌కి జబ్బు కనిపించకపోయినా ఈ పరీక్ష ఒకసారి చేయించెయ్యడమే మేలని నా అభిప్రాయం. ఊళ్ళో కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు. ‘ఎగ్జాటిక్స్’ చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడుగు. సరీసృపాల వైద్యుల సంఘం ఒకటుంది, ఏఆర్‌ఏవీ అంటారు, వాళ్ళ జాబితాలో మీ దగ్గర్లో ఎవరున్నారో దొరుకుతుంది.

పెట్టె అడుగున పరిచినదేమిటి? ఇసుకైతే ఈ సాయంత్రమే ఎత్తెయ్. కాల్షియం ఇసుక, అరిగిపోతుంది అని ప్యాకెట్ మీద రాసి అమ్మేదీ అంతే, అక్రోటు చిప్పల పొడీ అంతే. పురుగుని పట్టబోయి నాలుకతో ఇసుక మింగుతుంది, అసలే వేడి చాలని పొట్టలో అది గడ్డకట్టి అడ్డం పడుతుంది. ప్రస్తుతానికి పేపర్ టవల్స్ పరుచు. అందం లేదు కానీ ఎప్పుడు వెళ్ళిందో, ఎలా వెళ్ళిందో తెలుస్తుంది, తీసి పారెయ్యడం తేలిక. అంతా కుదుటపడ్డాక గరుకు టైల్స్ వేసుకోవచ్చు.

ఇక నువ్వడిగిన స్నానం. తింటున్నా దొడ్డికి వెళ్ళకపోతే గోరువెచ్చటి నీళ్ళు పనిచేస్తాయి. దాని కోసమే ఓ ప్లాస్టిక్ టబ్ పెట్టుకో. మోచెయ్యి ముంచితే వేడీ చల్లా తెలియకుండా ఉండాలి. నీళ్ళు దాని భుజాలు దాటకూడదు, తల పైన తేలాలి. పదిహేను, ఇరవై నిమిషాలు. పక్కనుంచి లేవొద్దు, ఫోన్ చూడొద్దు, నీళ్ళు చల్లారితే మార్చు. ముందు కాళ్ళ దగ్గర్నుంచి తోక వైపు పొట్టని రెండు వేళ్ళతో చాలా మెత్తగా రాయి, నొక్కొద్దు. చాలావాటికి నీళ్ళు తగలగానే పని అయిపోతుంది, కంగారుపడి కేకలు పెట్టకు. తర్వాత ఒళ్ళు తుడిచి దీపం కింద పెట్టు. ఉప్పూ తీపీ కలపని ఉడికించిన గుమ్మడి గుజ్జు కొంచెం ముక్కు దగ్గర పెడితే నాకుతుంది, నాకకపోతే నోరు తెరిచి కుక్కొద్దు.

తిండి సంగతి. పిల్ల డ్రాగన్‌లకి పురుగులు ఎక్కువ, ఆకులు తక్కువ. పెద్దయ్యాక తారుమారు, ఐదింట నాలుగు వంతులు ఆకులూ కూరలే. ఆ పాతవాళ్ళ పిల్లాడు రోజూ దోసెడు మీల్‌వార్మ్‌లు వేసేవాడని రాశావు. వాటి పైపెంకు గట్టిది, రోజూ అవే తింటే అరగడం కష్టం, పైగా కొవ్వు. బుజ్జిగాడు ఆకులు చూసి మొహం తిప్పుకోవడంలో వింతేముంది? పొద్దున్నే దీపం వెలిగించి ఒళ్ళు కాగాక ముందు ఆకులు పెట్టు, పురుగులు తర్వాత. నెమ్మదిగా అలవాటవుతుంది. కొలార్డ్, టర్నిప్, ఆవాకు, ఇవి రోజూ పెట్టొచ్చు. సన్నగా తరిగి, బటర్‌నట్ స్క్వాష్ తురుము కలుపు. పెరట్లో మందు కొట్టని మందార ఉంటే పువ్వు ఒకటి తుంచి వెయ్యి, ఎగబడి తింటాయి. పాలకూర, తోటకూర, చుక్కకూర మనకెంత ఇష్టమైనా వాటిలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని కట్టిపడేస్తుంది, రోజువారీ తిండిగా పనికిరావు. అవకాడో విషం. ఉల్లి, వెల్లుల్లి, పప్పన్నం, పెరుగన్నం ఏవీ వద్దు.

పురుగు దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. కీచురాళ్ళు గానీ డూబియా బొద్దింకలు గానీ కొను. డబ్బు పోసి బొద్దింకలు కొనడమేమిటే అని అమ్మ తల పట్టుకుంటుందని తెలుసు! వాటి మీద భాస్వరం కలవని కాల్షియం పొడి చల్లి వెయ్యి. పది పదిహేను నిమిషాల్లో తినగా మిగిలిన కీచురాళ్ళని తీసెయ్, రాత్రి అవే నిద్రపోతున్న దాన్ని కొరుకుతాయి. ఆఖరి మేత తర్వాత రెండు గంటలైనా దీపం వెలగాలి. పిల్లలకి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పెరట్లో పట్టుకొచ్చిన పురుగులు వెయ్యొద్దు, అందులోనూ మిణుగురులు అసలే వద్దు. వాటి ఒంట్లో విషం ఉంటుంది, ఒక్క మిణుగురు చాలు డ్రాగన్ ప్రాణం తియ్యడానికి.

అన్నట్టు, బుజ్జిగాడు మగవాడని ఎవరు చెప్పారు? తోక మొదట్లో కిందివైపు రెండు ఉబ్బులుంటే మగ. అక్కడ చదునుగా ఉంటే బుజ్జమ్మ అన్నమాట. ఆడది జత లేకపోయినా గుడ్లు పెడుతుంది. పొట్ట ఉబ్బి, తిండి మాని, మూలలు తవ్వుతుంటే అది మలబద్ధకం కాకపోవచ్చు. గుడ్లు లోపలే ఇరుక్కుంటే ప్రమాదం, వెంటనే చూపించాలి. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని విన్నాం గానీ, బుజ్జిగాడు ముదిరి బాలింత కావడం మీ ఇంట్లోనే చూస్తామేమో.

చలికాలంలో పెద్ద డ్రాగన్‌లు వారాల తరబడి నిద్రకి పడతాయి, తిండి మానేస్తాయి, అది జబ్బు కాదు. కానీ కొత్తగా వచ్చినదాన్ని పరీక్ష చేయించకుండా నిద్రేలే అని సరిపెట్టుకోకు. నిద్రకి పడేముందు కడుపులో తిండి ఉండిపోకూడదు.

వీటిలో ఏది కనిపించినా మాత్రం స్నానాలూ గుమ్మడి గుజ్జూ కట్టిపెట్టి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరుగెత్తు: వెనక కాళ్ళు ఈడ్వడం, పొట్ట బిగుసుకుని ఉబ్బడం, ముక్కుతున్నా ఏమీ రాకపోవడం, వాంతి, మలంలో రక్తం, కళ్ళు లోపలికి పోవడం. తోక కింద ఎర్రటి కండ బయటికొస్తే దాన్ని లోపలికి తొయ్యాలని చూడకు. శుభ్రమైన తడిగుడ్డతో ఆరిపోకుండా కప్పి తీసుకెళ్ళు.

వచ్చే నెల అమ్మా నాన్నా ఆరు నెలలకి వస్తున్నారన్నావు. ఆరోగ్యంగా ఉన్న డ్రాగన్ మలంలో కూడా సాల్మొనెల్లా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలకీ, 65 దాటిన పెద్దవాళ్ళకీ అది గట్టిగా తగులుతుందని ఇక్కడి సీడీసీ చెబుతూనే ఉంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముద్దులు వద్దు. దాని గిన్నెలు, టబ్ వంటింటి సింక్‌లోకి రాకూడదు, స్నానం నీళ్ళు టాయిలెట్‌లో పొయ్యాలి. నీ చిన్నదానికి ఇంకా నాలుగేళ్ళే కదా, అది దూరం నుంచి చూసి ఆనందిస్తే చాలు.

ఇది చదువుతున్న మిగతా అక్కచెల్లెళ్ళకి ఒక విన్నపం. వీసా అయిపోయో, ఉద్యోగం మారో ఊరు వదిలి వెళ్ళే ఇళ్ళనుంచి ఇలాంటి ప్రాణులు చేతులు మారుతూనే ఉంటాయి. పెట్టె అప్పజెప్పేటప్పుడు ఒక కాగితం మీద దాని వయసు, యూవీబీ ట్యూబ్ కొన్న తేదీ, రోజూ ఏం తినేది, ఆఖరిసారి ఎప్పుడు దొడ్డికి వెళ్ళింది, ఏ డాక్టర్‌కి చూపించారు, ఈ ఐదు సంగతులూ రాసి పెట్టెకి అతికించి ఇవ్వండి. పది పన్నెండేళ్ళు బతికే జీవం అది, మీ తర్వాత దాన్ని పెంచేవాళ్ళకి ఆ కాగితమే ఆధారం.